బిళ్ళ లేని మెడ

మా వదినె పోయిందని సోమవారం పొద్దున పటాన్‌చెరు నుంచి కబురు వచ్చింది. తెచ్చిన మనిషిని, ఏ వదినె అని రెండుసార్లు అడిగాను. నాకున్నది ఒక్కతే వదినె, మా వారి అక్క. నాలుక మీద పుండు మానింది, మళ్ళీ కారం తింటున్నదని చుట్టాలందరికీ చెప్పింది నేనే.

ఆమెను ఎరిగినవాళ్ళు మీలోనూ ఉంటారు. కంపెనీ బస్సు ఆగేచోట కిరాణా దుకాణం ఆమెది. ఎడమ దవడలో ఎప్పుడూ తంబాకు ఉండేది. మాట్లాడే ముందు దాన్ని నాలుకతో పక్కకు జరుపుకునేది.

"అక్కా, జల్దీ! బస్సు పోతది" అని డ్యూటీకి పోయేవాళ్ళు తొందరపెడితే, "పోనీ. నువ్వు రాలేదని కంపెనీ బందు పెడ్తరా?" అనేది. అంటూనే, అందరికంటే ముందు ఆ తొందరపెట్టినవాళ్ళ పొట్లమే కట్టేది. డ్యూటీ దిగి చిరాకుగా వచ్చినవాళ్ళను మాత్రం ఒక్క మాట అనేది కాదు. "ఆకలి మీదున్నోనితోని లొల్లి పెట్టుకోవద్దు మరదలా" అని నాకు చెప్పేది.

నాలుక అంచున పుండు లేచి గట్టిపడ్డాక హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన పుండును వేళ్ళతో పట్టి చూశాడు. దవడ కింద, మెడ పొడుగునా చాలాసేపు తడిమాడు.

"నాలుక ఒక్కటి కోస్తే సరిపోదమ్మా. మెడలోని గ్రంథులు గూడ తియ్యాలె."

"బిళ్ళ ఉన్నదా సారూ?"

"చేతికి తగుల్తలేదు."

"మరి లేనిదాన్ని ఏం తీస్తవు?"

ఆయన నవ్వలేదు. "పుండు లోతుకు దిగింది. గిట్ల దిగిన పుండు మెడలకు పాకుతది. బిళ్ళ చేతికి దొరికేదాకా ఆగితే ఆలస్యమైతది."

"పాకిందని ఖాయమా?"

"ఖాయం చెప్పలేనమ్మా. పుండు లోతును బట్టి అంచనా." మెడ కోస్తే ఆ పక్క భుజం జారుతుందనీ, చెయ్యి పైకి లేవకపోవచ్చనీ కూడా దాచకుండా చెప్పాడు.

వదినె తన చేతివంక చూసుకుంది. దుకాణంలో పై అరల మీది డబ్బాలు దించేది ఆ చెయ్యే. "కాలుకు ముల్లు గుచ్చుకుంటే గజ్జల్ల బిళ్ళ కడ్తది. ముల్లు తీస్తే బిళ్ళ పోతది. నువ్వు ముల్లు తియ్యి సారూ, చాలు" అన్నది.

ఆమెది మొండితనమని నేను రాయను. మనమందరం చిన్నప్పటి నుంచి చూసిందే చెప్పింది. పుండు ఉంటే బిళ్ళ, పుండు మానితే బిళ్ళ మాయం. ఈ జబ్బు ఆ లెక్కకు లోబడదని మాలో ఎవరికీ తెలియదు.

నాలుక కొంత కోశారు. మాట ముద్దగా వచ్చేది. "మాట తగ్గింది మరదలా, ఇగ మీ అన్నయ్యకు సుఖమే" అని భర్త వంక చూసి తనే నవ్వేది. తంబాకు మానేసింది. పుండు మానింది. చెయ్యి లేస్తూనే ఉంది, డబ్బాలు దిగుతూనే ఉన్నాయి.

కబురు అందగానే పోయాను. అన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మొన్న వరికోతలప్పుడు మెడకు బిళ్ళ లేచిందమ్మా. నీకు చెప్పొద్దన్నది. డాక్టరు దగ్గరికి పోయినం. మెడ లోపలికి అంటుకపోయింది, ఇగ కత్తి పెట్టరాదన్నడు."

"పుండు మళ్ళ లేచిందా?"

"లేదు. నాలుక మంచిగనే ఉండె. అదే సమజైతలేదు."

లోపల ఆడవాళ్ళం స్నానం చేయించాం. పసుపు రాసే చేతులు పాదాల మీద, భుజాల మీద గబగబా కదిలాయి. దవడ కింద ఆ గట్టిదనం దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ ఏమీ అనుకోకుండానే, ప్రతి చెయ్యీ మెల్లబడింది. ఇంకా నొప్పి పుడుతుందేమో అన్నట్టు.