పెరట్లో వెలసిన అమ్మవారు

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, జమ్మలమడుగులో ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లో ఆడపిల్లకు రెండే పనులు. చుట్టాలకు నీళ్లు తోడడం, చెట్లకు నీళ్లు పోయడం. రెండింట్లో చెట్లే నయం, వేడినీళ్లు కావాలని అడగవు. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు. పెరటి తోట నాదేనని ఊరంతా చెప్పుకునేదాన్ని (తోటంటే నాలుగు వంగచెట్లు, ఒక కర్బూజ తీగ). ఆ తీగకు గింజలిచ్చింది పెన్న ఇసుకలో కర్బూజలు పండించే సాయబు తాత. "ఈ రకం నా కాడ గూడా అయిపోయింది పాపా. ఒక్క కాయన్నా బాగా మాగనిచ్చి గింజలు నాకియ్యి, మళ్లేడు ఏసుకుంటా" అన్నాడు. సరేనని మాటిచ్చాను. తీరా చూస్తే తీగకు నిలిచింది ఒకే ఒక్క కాయ.

అది మాగే వేళకు పులివెందుల నుంచి మా మేనత్త దిగింది. మనిషి వెన్న. కూతురికి ఏడో నెల, తొలి కాన్పుకు పిలుచుకొచ్చే లోపల పుట్టింట్లో పది రోజులు ఉండి పోదామని వచ్చింది. చిక్కల్లా మా జేజితోనే (నాన్నమ్మను మేం అట్లాగే పిలుస్తాం). ఇంటి ఆడబిడ్డ దేన్నైనా చూసి బాగుందంటే చాలు, అది ఆమె మూటలోకి పోవలసిందేనని జేజి చట్టం. అట్లా మా అమ్మ ఇత్తడి చెంబు, నేత చీర, చివరికి ఈనబోయే మేక కూడా పులివెందుల చేరాయి. ఇక పండు ఇచ్చి గింజలు వెనక్కి అడిగితే జేజి నన్ను బతకనిస్తుందా? అందుకని కాయ మీద గోనెపట్ట కప్పాను. అత్త కళ్లు ముందు దాని మీదే పడ్డాయి.

"ఏందమ్మే అది, గోనెపట్ట కింద?"

"అమ్మవారు, అత్తా. ముట్టగూడదు." (నోటికి ఏదొస్తే అది.)

"ఏ అమ్మవారు?"

"ఇంకా పేరు చెప్పలేదు."

అబద్ధానికి కాస్త ఆధారం ఉండాలని పసుపు చల్లి, పక్కన వేపమండ గుచ్చాను. అక్కడే చెడింది. మరుసటి పొద్దుటికి అత్త స్నానం చేసి వచ్చి దీపం పెట్టింది. మూడో రోజుకు కాయ మాగి కమ్మటి వాసన మొదలైంది. "శానా మహిమ గల తల్లి. ఊదొత్తి ఎలిగించకుండానే వాసనొస్తాంది సూడు" అని అత్త లెంపలేసుకుంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పరుగెత్తింది. నేను మాత్రం లోపల పండు కుళ్లిపోతోందేమోనని చస్తున్నాను. అత్త ఉండగా పట్ట ఎత్తలేను, అత్తేమో పట్ట దగ్గర నుంచి కదలదు.

ఊరికి పోయే రోజు అత్త టెంకాయ, రవికె గుడ్డ తెచ్చి దాని ముందు కూర్చుంది. "ఒక్కసారి మొగం సూపియ్యమ్మే. నా బిడ్డ కాన్పు సుకంగా జరగాలని మొక్కుకున్నా. సూడకుండా యెట్ల పోయేది?" అంది. ఆ గొంతు వినేసరికి నాకు ఏడుపొచ్చేసింది. పట్ట లాగేసి, సాయబు తాతకిచ్చిన మాటతో సహా అంతా చెప్పేశాను.

అత్త ఆ పండును చాలాసేపు చూసింది. జేజి అప్పటికే చీపురు వెతుకుతోంది. "నువ్వుండుమ్మా" అని జేజిని ఆపి, అత్త టెంకాయ కొట్టి, రవికె గుడ్డ పండు మీద కప్పి, కళ్లు మూసుకొని మళ్లీ మొక్కింది. తర్వాత కళ్లు తుడుచుకొని, "ఇంగ కోయమ్మే. అందరికీ పెట్టు. గింజ ఒక్కటి గూడా పారెయ్యాకు, సాయబుకు ఇయ్యల్ల గదా" అంది. ఒక్క మాట అడిగితే తీరిపోయేదానికి నేను ఏకంగా అమ్మవారిని పుట్టించాను.

గింజలు తాతకు ముట్టాయి. రెండు నెలలకు అత్త దగ్గర నుంచి కార్డు వచ్చింది. 'తల్లీ బిడ్డా క్షేమం. పెరట్లో ఆమెకు చెప్పు' అని రాయించింది. అది చదివి, పండు తినేసిన తర్వాత కూడా ఇదేం భక్తి అని పడీ పడీ నవ్వాను.

చాలా ఏళ్లకు నా కూతురి కాన్పుకు ప్రొద్దుటూరు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. లోపలి నుంచి కబురు లేదు. చుట్టూ చూస్తే స్టూలు మీద మంచినీళ్ల కుండ తప్ప ఏమీ కనిపించలేదు. దానికే చేతులు జోడించాను. మా ఆయన నన్నూ కుండనూ మార్చి మార్చి చూస్తుంటే, కళ్లు మూసుకొని మళ్లీ మొక్కాను.