రాగికి అటొక రాయి, ఇటొక రాయి

పోయిన డిసెంబరు మూడో శనివారం, పొద్దున తొమ్మిదిన్నర. గోడ గడియారం అప్పుడే అరగంట కొట్టింది, అందుకే టైము గుర్తుంది.

బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున మా ఊరు. మాది ఎండు చేపల పని. మా మనవరాలు, అంటే కూతురి కూతురు, రాళ్ల వయసు కనుక్కునే చదువు చదువుతా ఉంది. ల్యాబుకు సెలవులిచ్చినారని మా ఇంటికి వచ్చింది. వస్తా వస్తా రెండు సంచుల్లో రాతిపొడి తెచ్చింది.

ఆ రాళ్లు మన దేశానివి కావు. ఎక్కడో అగ్నిపర్వతాల కొండల్లో, రాగీ బంగారమూ తవ్వే చోట నుంచి వాళ్ల సారు తెచ్చినవి. ఆ రాగి ఎప్పుడు పుట్టిందో తేల్చాలి. అదీ ఈ పిల్ల పని.

“రాగి వయసే చూడొచ్చు గదా, రాళ్లెందుకు?” అన్నాను.

“రాగి తన వయసు చెప్పదవ్వా” అంది.

తను చెప్పింది నాకు అర్థమైనంత మటుకు రాస్తున్నాను. కొండ కింద రాయి కరిగి ఉంటుంది. అది చల్లారేటప్పుడు సలసల కాగే నీళ్లు పైకి తన్నుకొస్తాయి. ఆ నీళ్లలో ఉన్న రాగీ బంగారమూ బండ పగుళ్లలో పేరుకుంటాయి. ఆ నీళ్లు రాకముందే గట్టిపడిన రాయి ఒకటి. అంతా అయినాక రాగిని కోసుకుంటూ పైకొచ్చిన రాయి ఇంకొకటి. రెండింటిలోనూ జిర్కాన్ అనే గింజలుంటాయి, కంటికి ఆనవు. గింజ పుట్టేటప్పుడే అందులో రవ్వంత యురేనియం చిక్కుకుంటుంది. అది ఒకే నడకన సీసంగా మారతా పోతుంది. ఎంత మారిందో కొలిస్తే గింజ వయసు తెలుస్తుంది. రెండు రాళ్ల వయసూ తెలిస్తే, రాగి ఆ నడుమ పుట్టినట్టు.

నాకిది వింతేం కాదు. నేనెప్పుడు పుట్టినానో ఎవరికీ తెలియదు. మా అమ్మ చెప్పింది రెండే మాటలు. చర్చి కప్పు లేచిపోయిన గాలివానకు నేను లేను. బావి నీళ్లు ఉప్పుబడిన ఉప్పెనకు ఆమె చంకలో ఉన్నాను. యాభై దాటినాక అక్షరాలు నేర్చుకోబోతే, పంతులమ్మ నా పేరు పక్కన ఏదో ఒక తేదీ వేసేసింది. కాగితాల్లో ఇప్పటికీ అదే.

ఆ శనివారానికి మొదటి సంచి పని అయిపోయింది. రెండోది రాగి తర్వాత వచ్చిన రాయి. మనవరాలు దాన్ని నీళ్లలో ఊపి ఊపి తేలికది పారబోసింది. అడుగున మిగిలిన బరువు పొడిని పళ్లెంలో పరిచి, వాకిట్లో ఎండబెట్టి, టీ కోసమని లోపలికి పోయింది.

మా ఇంట్లో శనివారం సాయంత్రం ప్రార్థన కూటం ఉంటుంది. వచ్చినవాళ్లు కింద కూర్చోవాలి గనక పొద్దున్నే వాకిట్లో కొత్త ఇసక చల్లుతాం. మా కొడుకు ఒడ్డు నుంచి గంప మోసుకొచ్చి, ఎప్పటిలాగే గాలికి వీపు పెట్టి విసిరినాడు. పళ్లెంలో బూడిదరంగు పొడి మీద పచ్చటి ఇసక పడింది.

మనవరాలు గ్లాసుతో వచ్చి గడపలోనే నిలబడిపోయింది.

“మామా! ఏం చేసినావు?”

“శనివారం గదమ్మే. ఇసక చల్లినాను. చదువుకు పోయి అది కూడా మర్చిపోయినావా?”

మా కోడలు చేట తెచ్చింది. “చెరిగి ఇస్తాను ఉండు, పోతుంది.”

“పోదత్తా. మన ఇసకలోనూ అవే గింజలున్నాయి. ఒడ్డున నల్లచారలు కనపడతాయే, వాటిల్లో.”

“మరి నీవేవో మావేవో ఎట్లా తెలిసేది?”

“వయసు కడితే తెలియొచ్చు. మనవి బాగా ముసలివి. ఆ కొండవి వీటి ముందర పసిపిల్లలు.”

“ఇంకేం! ముసలివన్నీ ఏరి పారెయ్” అన్నాడు మా కొడుకు.

ఎండు నెత్తళ్ల చేపల కోసం వచ్చిన పక్కింటామె అందుకుంది. “ముసలోళ్లను ఏరి పారేస్తే మీ అమ్మ యాడికి పోతుందబ్బాయా?”

అందరం నవ్వినాం. పిల్ల నవ్వలేదు.

“ఆ రాయిలోనూ ముసలి గింజలు ఉండొచ్చు మామా. కరిగిన రాయి పైకొస్తా పాత బండల్ని మింగుతుంది. నేను ఏరితే, నాకు కావాల్సిన వయసు నేనే రాసుకున్నట్టు.”

“ఆ రాయి ఇంకా ఉందా?” అని అడిగినాను.

“లేదవ్వా. ఉన్నదే చిన్న ముక్క, అంతా పొడి కొట్టేసినాను. సారు మళ్లీ ఆ కొండకు పోవాలి. అప్పటిదాకా నా చదువు ఆగినట్టే.”

“సారుకు చెప్పకపోతే?” అన్నాడు మా కొడుకు, గొంతు తగ్గించి.

మనవరాలు నావైపు చూసింది.

“నన్నేం చూస్తావు? నా తేదీ ఉత్తుత్తిదని నాకూ తెలుసు, పంతులమ్మకూ తెలుసు. నీది నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది?” అన్నాను.

టీ చల్లారిపోయింది. అట్లాగే తాగి, గోడ దగ్గరికి పోయి ఫోను చేసింది. ఇటువైపు మాటలే మాకు వినబడినాయి. “మా వాకిట్లో సార్. ఇసక సార్. అవును సార్, చల్లుతారు, ప్రతి శనివారం.” తర్వాత ఆయన చెప్పేది విన్నది.

ఫోను పెట్టేసి చెప్పింది. సారు మళ్లీ పోవడం వచ్చే ఏటి మాట. ఉన్న ఒక్క రాయితో, రాగి దీని తర్వాత పుట్టింది అని మాత్రం రాయమన్నాడు. ఎంత తర్వాతో రాయకూడదు.

“గాలివాన ఉంది, ఉప్పెన లేదు” అన్నాను.

“అంతే అవ్వా” అంది.

పళ్లెం ఎత్తి ఆ పొడిని తనే వాకిట్లో ఒంపేసింది. అది ఇసకలో కలిసిపోయింది, ఎక్కడ ఒంపిందీ మళ్లీ కనపడలేదు.

రేపు ఎవరన్నా అడిగితే ఉండాలని ఇదీ రాసిపెడతా ఉన్నాను: అప్పుడు అక్కడున్నది నేను, మా మనవరాలు, ఖాళీ గంపతో మా కొడుకు, చేటతో మా కోడలు, నెత్తళ్ల సంగతి మర్చిపోయి నిలబడిన పక్కింటామె. ఇంకెవరూ లేరు.