నాకు కాదు, ఆయమ్మకు చెప్పు

ఎవరికీ చెప్పలేదు గానీ, కంప్యూటర్లో ఎవరి రిపోర్టు తెరిచినా ముందు ఒక నర్సమ్మ మాట మనసులో అనుకుంటాను. కర్ణాటకలోని గూళూరు ఆసుపత్రిలో కంప్యూటరు పనిలో ఉన్నప్పుడు నేను ఏది చదివి చెప్పబోయినా, రోగి పాదం మీద చెయ్యి వేసి నిలబడి ఆమె అనేది: "నాకు కాదు, ఆయమ్మకు చెప్పు." ఆయమ్మ అంటే మంచం మీదున్న ఆ రోగే. నాకేమో కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెదురు.

ఒక మధ్యాహ్నం, కాన్పుకు ఆంధ్రా వైపు నుంచి పుట్టింటికి వచ్చిన అమ్మాయిని చలిజ్వరంతో తెచ్చారు. అత్తగారి ఊళ్లో వేసిన ఒక సూది పడక ఆమెకు ఊపిరి ఆగినంత పనైందట. ఆ మందు పేరు ఆమెకు తెలియదు. అది తెలిస్తే తప్ప ఏ సూదీ చెప్పలేనని చిక్కబళ్లాపురం పెద్దాసుపత్రి డాక్టరు వీడియోలో కాచుకుని ఉన్నారు. రెండు రాష్ట్రాల ఆసుపత్రులూ కంప్యూటర్లు కలుపుకున్నాక అక్కడి రిపోర్టులు మాకూ తెరుచుకుంటాయి. కానీ రోగి ఒప్పుకున్నట్టుగా ఫోనుకు వచ్చే కోడు చెప్పాలి. అక్కడ రాయించింది మొగుడి నెంబరు కావడంతో ఆ కోడు అతని ఫోనుకు పోయింది. అతను బస్సులో ఉన్నాడు.

"ఫోను కలవకుండా ఉండాది సిస్టర్," అన్నాను.

"మళ్లీ చెయ్యి."

అమ్మాయి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నర్సమ్మ చెయ్యి పాదం మీంచి కదల్లేదు.

చివరికి అతను ఎత్తి అంకెలు అరిచాడు. మందు పేరు కనబడింది. డాక్టరు వేరే సూది చెప్పారు. నేను నర్సమ్మ వైపు తిరిగాను.

"ఆ పేరు నాకు కాదు, ఆయమ్మకు చెప్పు. అన్ని పుస్తకాలు చదువుతావే, నోరు తెరిచేదానికేమి?"

వంగి అమ్మాయికి రెండుసార్లు చెప్పాను.

వణుకు తగ్గాక అడిగాను. "ఇంక కోడుకు ఎవరి నెంబరు పెట్టేది సిస్టర్?"

"నన్నెందుకడుగుతావు?"

అమ్మాయి కళ్లు తెరిచింది. "నాదే పెట్టక్కా. నా ఒంటి సంగతి ముందు నాకే రానీ."