మూడు లక్షల మంది ఉన్న ఫోల్డరు

కంప్యూటర్ కనిపెట్టినవాళ్లందరినీ వరసగా నిలబెట్టి చెవులు మెలిపెట్టగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, అదీ బహ్రెయిన్‌లో ఉన్నాడు. ఆయన మా తాత సోమేశ్వరరావు. మూడు లక్షల ఫైళ్లున్న ఫోల్డర్‌లోంచి, ఆ ఫోల్డరు తెరవకుండానే, కావలసిన కాగితాన్ని రెండు సెకన్లలో బయటికి లాగుతాడు. ఈ దీవి మీద ఇంకెవరైనా ఆ పని చేసి చూపిస్తే నా జడ కత్తిరించి చేతిలో పెడతాను.

తాత విచిత్రం కూడా అదే. ఫోల్డరు తెరవడు. ఇంకొకర్ని తెరవనివ్వడు. తెరిచినవాణ్ణి మనిషిగా లెక్కెయ్యడు.

మాది హూరాలో ఒక హోటలుకీ, కోల్డ్ స్టోరు అనే కిరాణా కొట్టుకీ మధ్య ఇరుక్కున్న టైపింగ్ ఆఫీసు. పని కోసం ఈ దేశం వచ్చినవాళ్ల వీసాలూ, పాస్‌పోర్టులూ, నానారకాల దరఖాస్తులూ ఇక్కడ స్కాన్ అవుతాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ స్కానింగ్ డ్యూటీ తాతది. నేను ఇంటర్ రెండుసార్లు తప్పాక నన్నూ తెచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆఫీసులో ఐదు కంప్యూటర్లున్నాయి గానీ ఫైళ్లు వాటిలో ఉండవు. వెనక గదిలో ఏసీ కింద ఒక నల్లపెట్టె ఉంది. ఫైళ్లన్నీ అందులో, అన్నీ ఒకే ఒక్క ఫోల్డర్‌లో. అక్కణ్ణుంచి తీగ మీదుగా మా దాకా రావాలి.

ఆ ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కితే తెర పైన ఆకుపచ్చ గీత ఒకటి బయలుదేరుతుంది. అది ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేలోగా అన్నం వండుకుని, తిని, గిన్నెలు కడుక్కోవచ్చు. ఈలోగా మిగతా నాలుగు కంప్యూటర్లూ కొయ్యబారిపోతాయి. అప్పుడు తాత లేస్తాడు.

"ఎవర్రా ఫోల్డరు తెరిచింది?"

ఒకసారి మా మేనేజర్ ఇస్‌హాఖ్ భాయ్ తెరిచాడు. జగిత్యాల మనిషి, పాపం నిదానస్థుడు. తెరిచి, నమాజుకు వెళ్లి, వచ్చి, చాయ్ తాగి చూస్తే గీత ఇంకా సగంలోనే ఉంది.

"గిదేంది తాతా! నేను మసీదు దాంక పోయొచ్చిన, గిది ఆడనే ఉన్నది?"

"అదేం చేస్తోందో తెలుసా నీకు?" అని తాత కళ్లజోడు తీశాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే ఉపన్యాసమే. "ఉన్నవాళ్ల పేర్లు చెప్పరా అని అడిగాం. పేర్లు! అంతేనా? ఈ దిక్కుమాలింది పేరు రాసుకుని ఊరుకోదు. ఒక్కొక్కడి దగ్గరికీ పోయి నీ బరువెంత, నువ్వెప్పుడు పుట్టావు, నీ ఫొటో ఏదీ అని ఆరా తీస్తుంది. ఆ ముక్క నీకు చెప్పడానికి ఆ గదిలోంచి ఈ గదికి నడిచొస్తుంది. మళ్లీ వెళ్లి రెండోవాణ్ణి అడుగుతుంది. మూడు లక్షల మందికి మూడు లక్షల నడకలు! మనం అడిగామా బరువులు? పెళ్లికొచ్చినవాళ్ల పేర్లు రాయమంటే ఒక్కొక్కణ్ణీ కాటా ఎక్కిస్తామా?"

"తప్పయింది తాతా," అని ఇస్‌హాఖ్ భాయ్ కంగారులో ఏదో మీట నొక్కాడు. గీత మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజు తాత మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. అంత కోపం.

మరి తాత ఎలా లాగుతాడంటే, తెర పైనున్న గడిలో ఫైలు పేరు పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కుతాడు. పేరు తెలిస్తే నల్లపెట్టె ఎవర్నీ ఆరా తియ్యదు, సరాసరి ఆ ఒక్క కాగితాన్నే పట్టుకొస్తుంది. పేర్లన్నీ ఒకే పద్ధతి: మనిషి పేరు, ఊరు, ఈ దేశంలో దిగిన ఏడు. అందుకే మా దగ్గరికి ఎవరొచ్చినా తాత మొదట వాళ్ల కాగితం చూడడు, "ఏ ఊరు? ఎప్పుడొచ్చావు?" అని కూపీ లాగుతాడు. కొత్తవాళ్లకి ఒళ్లు మండుతుంది.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. బయట కూడా మనుషుల్ని ఫైలు పేర్లతోనే పిలుస్తాడు. ఒక శుక్రవారం మేమంతా జల్లాఖ్ బీచికి వెళ్లాం. మెడదాకా నీళ్లలో మునిగి ఎవరో హాయిగా ఉన్నాడు. తాత ఒడ్డున నిలబడి గొంతెత్తాడు.

"వెంకటి కోరుట్ల పన్నెండూ!"

ఆ మనిషి భయపడి రెండు చేతులూ పైకెత్తాడు. "సార్, నా కాగితాలన్నీ కరెక్టున్నయ్ సార్!" అని నీళ్లలోంచే అరిచాడు. తీరా తాతని చూసి, "ఏంది తాతా, పోలీసోని లెక్క పిలుస్తవ్! గుండె ఆగిపోయె గద!" అని దండం పెట్టాడు.

"ఇంటికి ఫోను చేస్తున్నావా?"

"చేస్తున్న తాతా."

"సరే, మునుగు."

ఇలాంటి మనిషికి మొన్న పెద్ద చిక్కే వచ్చింది. నల్లపెట్టె నిండిపోవచ్చింది. కొత్తది కొనడం ఇష్టంలేక మా ఆఫీసు యజమాని కబురు పెట్టాడు: పదేళ్లు దాటిన ఫైళ్లన్నీ తీసెయ్యండి, గురువారానికి ఖలాస్. తాత ఆ మాట విని కళ్లజోడు కూడా తియ్యలేదు. నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

బుధవారం ఉదయం తాత కళ్ల పరీక్షకని ఆసుపత్రికి వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే ఇస్‌హాఖ్ భాయ్ నిట్టూర్చి, పాతవాటిని ఏరి పారెయ్యడానికని ఫోల్డరు తెరిచాడు. ఆకుపచ్చ గీత బయలుదేరింది. సరిగ్గా అప్పుడే నరసాయమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

గలాలీలో ఒక ఇంట్లో పని చేస్తుంది నరసాయమ్మ.

"ఆయ్, బాబుగారు లేరా? నా పాస్‌పోర్టు గుడ్డల్తో పాటు మిషన్లో ఎల్లిపోయిందమ్మా! ముద్దయిపోయింది. పాత కాపీ ఏదైనా తెస్తే ఇంటికెళ్లడానికి కాగితం రాసిస్తామన్నారు ఎంబసీలో. పన్నెండింటికి కౌంటరు మూసేస్తారంట. ఆదివారం నా ఇమానం. మా అమ్మాయి సాయికుమారికి నెలలు నిండాయి, కాన్పుకి నేను తప్ప ఇంకెవరూ లేరు దానికి."

"మీ కంపెనీవాళ్ల దగ్గర కాపీ ఉండదా?"

"నన్ను తెచ్చిన ఏజెన్సీ మూసేసి ఏడేళ్లయింది. మొదట చేసిన ఇంటోళ్లు దేశంలోనే లేరు. ఇప్పటోళ్ల దగ్గర కాపీ లేదంట. ఆరేళ్లయిందమ్మా, నేను నా కూతురి మొహం చూసి."

గడియారం చూశాను. పదిన్నర. నాకు తెలివి పొంగింది. ఆ కంగారులో తాత పద్ధతి మరిచిపోయి, ముఖం చూసి పట్టుకుందామని, ఫోల్డరుని పెద్ద పెద్ద బొమ్మలు కనిపించేలా తెరిచాను. గీత కదల్లేదు. ఇది పాత కంప్యూటర్ కదా అని పక్కదాని మీద కూడా తెరిచాను. అదీ నిలబడిపోయింది. ఇప్పుడు మూడు తెరల మీద మూడు గీతలు, ఒకదాన్ని మించి ఒకటి సోమరివి. లోపల నల్లపెట్టె జబ్బుపడ్డ పిల్లిలా గురగురమంటోంది.

"ఎంతసేపమ్మా?" అంది నరసాయమ్మ.

"వచ్చేస్తోందండీ."

పదకొండైంది. పదకొండుంబావు అయింది. నరసాయమ్మ అడగడం మానేసి, చెంగు నోట్లో కుక్కుకుని ఆ గీత వంకే చూస్తోంది. ఇక లాభం లేదని తాతకి ఫోన్ చేశాను.

"కళ్లల్లో చుక్కలేశారే, నా చెయ్యే నాకు కనపడ్డంలేదు. ఏంటి సంగతి?"

చెప్పాను. ఆసుపత్రి మొత్తం లేచి నిలబడేలా గొంతు వినిపించింది.

"మూడింటి మీదా తెరిచారా! ఫొటోలతో తెరిచావా! బరువులు చాలక ముఖాలు కూడా అడిగించావా, బేబీ! కట్టెయ్! ముందు అన్నీ కట్టెయ్! ఇస్‌హాఖునీ కట్టెయ్యమను!"

"కట్టేశాను తాతా."

"ఫోను ఆవిడకియ్యి." నరసాయమ్మ చెవి దగ్గర పెట్టాను. బయటికే వినబడుతోంది తాత గొంతు, కానీ ఇందాకటి గొంతు కాదు. "నరసాయమ్మా, ఏ ఊరమ్మా నీది?"

"రాజోలండి."

"ఏ ఏడాది దిగావు?"

"పదకొండులోనండి, మా ఆయన పోయిన ఏడు."

"అంతే తల్లీ. కంగారుపడకు. మా పిల్లకియ్యి."

ఆ మూడు ముక్కలూ గడిలో కొట్టి ఎంటర్ నొక్కాను. రెండు సెకన్లు. తెర నిండా పద్నాలుగేళ్ల కిందటి నరసాయమ్మ, నూనె రాసి బిగదువ్విన జుట్టుతో, నన్ను గుర్రుగా చూస్తోంది. ఇస్‌హాఖ్ భాయ్ ప్రింటు తీసి, ఆ కాగితాన్నీ ఆవిణ్ణీ తన కారులో కూర్చోబెట్టుకుని, "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ ఎంబసీకి ఎగిరిపోయాడు. పన్నెండుకి ఏడు నిమిషాల ముందు చేరారు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఏం పద్ధతి ఇది? మధ్యాహ్నం కంప్యూటర్లు బాగుచేసే ముఖేష్‌ని పిలిపించి గట్టిగా అడిగాను. "ఈ ఫోల్డర్ని బాగుచెయ్యడానికి దారే లేదా అన్నా?"

"ఎందుకు లేదు? పది నిమిషాల పని," అన్నాడు ముఖేష్. "కంపెనీకో చిన్న ఫోల్డరు చేసి పంచితే అయిపాయె. ఎనిమిదేండ్ల కిందనే మీ తాతకు చెప్పిన."

"చెబితే?"

"చాయ్ తాగిపిచ్చిండు. 'కంపెనీ మూతపడ్డ రోజు దాని ఫోల్డరుని ఒక్క నొక్కుతో పడేస్తారు ముఖేషూ, అందులో ఉన్న మనుషులు ఏమవ్వాలి' అన్నడు. 'ఇది తొందరగా తెరుచుకుంటే తొందరగా చెరిపేస్తారు, దీని జోలికి రాకు' అన్నడు. ఎవ్వరికి చెప్పనని ఒట్టు గూడ ఏపిచ్చుకున్నడు. ఇగో, ఇప్పుడు నీకు చెప్తిని."

వెనక కుర్చీ కిర్రుమంది. ఇస్‌హాఖ్ భాయ్ ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. కాసేపు గడ్డం గీరుకున్నాడు. తరవాత ఫోన్ తీసి యజమానికి కబురు పెట్టాడు. "సార్, చానా కోషిష్ చేసినం. ఫోల్డరు తెరుచుకుంటలేదు. కొత్త పెట్టె కొనుడే నయం."

సాయంత్రం తాతని ఇంటికి తీసుకొస్తూ దారిలో నిలదీశాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, నా భుజం పట్టుకుని నడుస్తున్నాడు.

"ఎనిమిదేళ్లుగా దాన్ని అంతలా తిడతావు, అన్నాలు మానేస్తావు, మమ్మల్నందర్నీ హడలగొడతావు. బాగుచెయ్యొద్దని చెప్పింది నువ్వేనంటగా! ఇదంతా నాటకమా తాతా?"

తాత నడక ఆపలేదు.

"కోపం నిజమేనే. కానీ నేనే అంతలా తిడుతుంటే, దాన్ని బాగుచెయ్యొచ్చని ఏ వెధవకి తోస్తుంది? రోడ్డు చూసి నడిపించు."