పేపర్ తీసుకునేవాళ్లు లేని పరీక్ష

మాది వికారాబాద్. బడి మధ్యలో మానేసినవాళ్లు ఇంట్లోనే ఉండి పదో తరగతి చదువుకునేలా మా చిన్న కంపెనీ ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. మామూలు మనుషులు దాన్ని వాడగలరో లేదో చూడటం నా పని. పక్కన కూర్చుని చూడాలి, సాయం చేయకూడదు, నోరు మెదపకూడదు. నాలాంటి వాగుడుకాయకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు.

ఆ రోజు తాండూరులో, నాపరాళ్ల అరుగు మీద నా ముందు కూర్చున్నది గొర్రెల కాపరుల ఇంటి కోడలు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. "ముందుగాల గా ఫోన్ల పరీక్ష రాసి సూపియ్యి, అప్పుడు పదికి పేరు రాపిస్త" అన్నాడట భర్త.

పది ప్రశ్నలు. వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంటూ అన్నింటికీ జవాబులు పెట్టింది. అన్నీ సరైనవే! తర్వాత ఫోన్ అరుగు మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. కింద 'సమర్పించు' అన్న ఆకుపచ్చ బటన్ అలాగే ఉంది. నేను పంటి బిగువున కూర్చున్నాను. టైమ్ అయిపోయింది. సున్నా మార్కులని పడింది.

"ఎందుకు ఆగినవ్?" అని అడిగాను.

"రాసుడైపోయింది మేడం. పేపర్ తీస్కపోనీకి ఎవలన్న వస్తరని చూస్తున్న."

బడిలో నేర్పింది అదే కదా. సారు వచ్చి తీసుకునేదాకా కదలకూడదు. ఆమె సున్నా చూసి తల దించుకుంది. "నాకు చదువు రాదు మేడం. తప్పు నాదే."

నాకు ఒళ్లు మండింది, నా మీదే. ఆ బటన్ రంగు కోసం ఆఫీసులో వారం రోజులు కొట్లాడిన మేధావిని నేనే.

"పదికి పది మంచిగ పెట్టినవ్. పేపర్ తీస్కునుడే మాకు రాలె" అన్నాను. మర్యాదకు అంటున్నాననుకుని నవ్వింది.

ఆఫీసులో "ఆమె తెలియక చేసింది, వదిలేయండి" అన్నారు. వదల్లేదు. టైమ్ అయిపోగానే సైటే జవాబులు తీసుకునేలా పట్టుబట్టి మార్పించి, మళ్లీ తాండూరు వెళ్లాను. కొత్త ప్రశ్నలు. ఈసారి భర్త కూడా వచ్చి నిలబడ్డాడు. ఆమె రాసింది, చేతులు కట్టుకుంది. కాసేపటికి 'మీ పేపర్ తీసుకున్నాం' అని పడింది. పదికి తొమ్మిది!

"రేపే పోయి పేరు రాపిద్దాం" అన్నాడు భర్త. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

ఆమె మాత్రం ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"గా పోయిన ఒక్కటి నా తప్పేనా మేడం, మల్ల మీదేనా?"

"అది నీదే" అన్నాను. ఇద్దరం పకపకా నవ్వాం.