రెండు వేళ్ల ఉద్యోగం

తిరుపతిలో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసేదాన్ని. పుట్టగానే ఏడవని బిడ్డను ఏడిపించడం నా పని. తుడిచి, అరికాలు తట్టి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆ చిన్ని ఎద మీద రెండు వేళ్లతో నొక్కాలి. నోటితో ఊదాల్సి వస్తే బుగ్గలో పట్టినంత గాలే ఊదాలి. పసిబిడ్డకు రెండు వేళ్లు, ఎదిగే పిల్లలకు ఒక అరచెయ్యి, పెద్దవాళ్లకు రెండు చేతులూ, పైన ఒంటి బరువంతా అని శిక్షణలో నేర్పారు. ఆ మూడోది రబ్బరు బొమ్మ మీద తప్ప నేనెన్నడూ చేయలేదు.

మా అత్తగారిది చిత్తూరు దగ్గర పల్లె. ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట కూర్చోకూడదు, ఎదురుపడితే పక్కకు తప్పుకోవాలి. మామ నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. ఏం చెప్పాలన్నా గోడకో ఎద్దుకో చెప్పేవారు. "ఇన్నావా, మన కోడలిది రెండు వేళ్లతో సేసే ఉద్యోగమంట! నీకు నాలుగు కాళ్లుండీ ఏం లాభం?" అని ఎద్దునడిగేవారు, నాకు వినబడేటట్టు. నాకు ఒళ్లు మండేది. ఎద్దుతో వాదం పెట్టుకోలేను కదా.

ఆ ఏడు బెల్లం వండే రోజుల్లో సెలవు పెట్టి వెళ్లాను. చెరుకు గానుగ మోటారుతో తిరిగేది. పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నానికి వచ్చింది. మామ ఆత్రం కొద్దీ తడి చేతులతోనే స్టార్టరు పెట్టె మీద చెయ్యేశారు. మా ఆయన ఎండు కర్రతో కొట్టి విడిపించేసరికి ఆయన పిప్పి కుప్ప పక్కన వెల్లకిలా పడి ఉన్నారు.

పొయ్యి దగ్గరున్న వాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. ఒకరు అరికాళ్లు రుద్దుతున్నారు. ఒకరు చెంబెత్తి చెరుకుపాలు నోట్లో పోయబోతున్నారు. పోయొద్దని అరిచి మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాను. నాడి లేదు, ఊపిరీ లేదు.

అత్త నా భుజం పట్టి లాగింది. "ఏమ్మే, ఏం సేస్తా ఉండావు? మామను ముట్టుకుంటావా? నలుగురూ సూస్తా ఉండారు!"

"సూడనీ అత్తా! ఇడిసిపెడితే మామ మనకు మిగలడు. జరుగు!"

ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు. అత్త నిజంగానే జరిగింది.

మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ ఆయన ఎద మీద పెట్టాను. నా చేతులకు మెత్తగా నొక్కడమే అలవాటు. మొదటి నొక్కులన్నీ బిడ్డను నొక్కినట్టే పడ్డాయి. ఏళ్ల తరబడి చెరుకు మోపులు మోసిన ఒళ్లు, కదిలితేనా! భయమేసింది. ఇది పసిగుడ్డు కాదే, బరువంతా వెయ్యవే అని నన్ను నేనే తిట్టుకుని, మోచేతులు వంచకుండా పైనుంచి దిగాను. లోపల ఏదో పటుక్కుమంది. ఎముక! అత్త కెవ్వుమంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది అనుకుని ఆపలేదు.

ఇక ఊదాలి. ఎవరి ఎదుట కూర్చోవడమే తప్పో ఆ మనిషి ముక్కు మూసి, నోటికి నోరు పెట్టి, ఈసారి గుండెల నిండా గాలి పీల్చి ఊదాను. గుప్పున బీడీ వాసన. వెనక ఎవరో "రామ రామ" అన్నారు. అననీ. ఎద పైకి లేచింది, నాకు కావలసింది అదే. మళ్లీ నొక్కాను, మళ్లీ ఊదాను. నా చేతులు పడిపోతుంటే మా ఆయనకు చూపించి నొక్కమన్నాను. ఆయన ఏడుస్తూనే నొక్కారు.

ఉన్నట్టుండి మామ ఒక్కసారి గాలి ఎగబీల్చారు. వెంటనే దగ్గు. మెడ దగ్గర నా వేళ్ల కింద నాడి టకటకా కొట్టుకుంది. సంతోషం పట్టలేక, కాన్పు గదిలో అరిచే అలవాటు కొద్దీ గట్టిగా అరిచేశాను.

"మగబిడ్డ! మగబిడ్డ!"

ఏడుస్తున్న వాళ్లంతా ఒక్కసారి ఆగి, పకపకా నవ్వారు. ఆ నవ్వుల మధ్యే మామను జీపులో చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

కొన్నాళ్లకు ఇంటికి వచ్చారు. చూడటానికి ఊరంతా వచ్చింది. నేను అలవాటు చొప్పున తలుపు వెనక నిలబడ్డాను. పక్కటెముకలు పట్టుకుని మూలుగుతున్న మామ ఈసారి గోడ వైపు చూడలేదు. ఎద్దు వైపూ చూడలేదు. నేరుగా నన్నే చూశారు.

"నా ఎద మీద పడి ఎముక ఇరగ్గొట్టినావే, ఇంగ నా ముందర కూసుంటేనే వచ్చిందా తప్పు? రామ్మా, ఈడ కూసో."

నేను అత్త వైపు చూశాను. అత్త ఎదుటి మంచం మీద దుప్పటి సర్ది, "కూసోమ్మే. ఆయనకు పురుడు పోసినదానివి గదా" అంది.

ఊరందరి ముందూ వెళ్లి, మామకు ఎదురుగా నిండుగా కూర్చున్నాను.