నలభై ఏడిళ్ల నోట్‌బుక్కు

ఆ రోజుల్లో, అంటే నేను స్మార్ట్ ఫోను కొన్న కొత్తలో, నాకు అరవై రెండేళ్ల నాలుగు నెలలు. ఫోను విషయంలో మాత్రం పసిపిల్లనే. పసిపిల్లలాగే ఎవరు పిలిచినా పలికేదాన్ని. అవతలి మనిషి నమస్కారం పెడితే చాలు, మర్యాదస్తుడని నమ్మేదాన్ని. (కొన్నది మంగళవారం. ఆ వారంలో పన్నెండు ఫోన్లు వచ్చాయి, పన్నెండూ ఎత్తాను.)

మాది నెల్లూరు తీరాన వేటకు వెళ్లే వాళ్ల వీధి. మత్స్యకారుల సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు జాబితాలు రాసి రిటైరయ్యాను కాబట్టి నలభై ఏడిళ్ల వాళ్లూ తమ వివరాలు నా దగ్గర రాయించి పెట్టుకున్నారు. కాగితాలు పడవలో తడుస్తాయి, ఇంట్లో పెడితే ఉప్పుగాలికి ముద్దవుతాయి. నా నోట్‌బుక్కులో భద్రం. ఇంటికో పేజీ చొప్పున ఎర్ర సిరాతో గడులు గీసి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆఖరి గడిలో ఆధార్, బ్యాంకు నంబర్లు రాశాను. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ప్రభుత్వం ఇచ్చే భృతి ఆ నంబర్ల మీదే వస్తుంది. అవి దొంగ చేతిలో పడితే వీధి మొత్తానికి పొయ్యి వెలగదు. అలాంటి పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక శుక్రవారం ఉదయం పది నలభై ఒకటికి, పదమూడో ఫోను ఎత్తాను.

"అమ్మా, చేపల ఆఫీసు నుంచి. భృతి లిస్టు సరిచూస్తున్నాం. మీ వీధివాళ్ల నంబర్లన్నీ మీ దగ్గరున్నాయట. చదవండి, రాసుకుంటాను."

నా పేరు ఆఫీసుదాకా పాకిందని ఒళ్లు పొంగిపోయింది. "రాసుకో నాయనా. ఒకటో ఇల్లు" అన్నాను.

"నంబరు చాలమ్మా."

"నంబరు ఆఖరి గడిలో ఉండాది. ముందు గడులు ఎగరగొడితే లైను తప్పిపోతాది. పుట్టిన తేదీ రాసుకో. బడిలో వేసిందా, అసలుదా?"

"రెండుంటాయా?"

ఉండవా మరి. మా బడి హెడ్మాస్టరుగారు చేరిన ప్రతి బిడ్డకూ జూలై ఒకటే పుట్టినరోజుగా వేశారు. (ఆ లెక్కన మా మంత్రసాని ఆ ఒక్కరోజు పనిచేసి ఏడాదంతా కూర్చుని ఉండాలి.) అబద్ధపు తేదీ నాకు గిట్టదు. అసలు తేదీలన్నీ ఇల్లిల్లూ తిరిగి ఆరా తీసి రాశాను. ఒకటో ఇల్లు పక్కింటి ఎండుచేపల వదినది. ఆమె మగడు ఆనాటి పెద్ద గాలివాన వెలిసిన మూడోరోజు పుట్టాడని చదివానో లేదో, గడపలో కూర్చుని వింటున్న వదిన లేచింది.

"ఏందిమే, మా ఆయన గాలివాన పోయినాక పుట్టినాడా? గాలివానకు ముందే కనిందంట మా అత్త. బిడ్డను చంకనేసుకొని తలదాచుకోను బళ్లోకి పరిగెత్తినారంట."

"మీ అత్త నాకు చెప్పింది మూడోరోజనే వదినా."

"మా అత్త చెప్పినవన్నీ నిజాలైతే నేను దెయ్యాన్నవ్వాల."

"అమ్మా, ఆ నంబరు..." అన్నాడు ఫోనులో మనిషి.

"ఉండబ్బయా, తేదీ తేలనీ."

తేలలేదు. వదిన తన ఆడబిడ్డను కేకేసింది. ఆమె వచ్చి ఆ రెండూ కాని ఇంకో తేదీ చెప్పింది. పదకొండూ నాలుగుకు ఫోను తెగిపోయింది. పని సగంలో ఆగితే నాకు అన్నం దిగదు. నేనే మళ్లీ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "అమ్మా, మీకు దండం పెడతాను, నన్ను వదిలెయ్యండి" అన్నాడు. నాలుగోసారి మోగనేలేదు.

సోమవారం వదినను వెంటబెట్టుకుని నెల్లూరు ఆఫీసుకు వెళ్లాను. పని మధ్యలో వదిలేసే గుమాస్తా మీద, నిమిషాలతో సహా, ఒకటిన్నర పేజీల ఫిర్యాదు రాసుకుపోయాను. ఆఫీసరమ్మ చదివి అద్దాలు తీసింది. "ఇది మా నంబరు కాదమ్మా. ఏ ఆఫీసూ ఫోనులో ఇవన్నీ అడగదు. వాడు దొంగ. ఎన్ని నంబర్లు చెప్పినారు?"

వదిన చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. నలభై ఏడిళ్లూ కళ్లముందు తిరిగాయి.

"ఒక్కటీ లేదండీ" అన్నాను. "మొదటింటాయనే ఇంకా పుట్టలేదు."

ఆఫీసరమ్మ నవ్వింది. వదిన నవ్వలేదు. బస్సు ఊరు దగ్గరికొచ్చాక మెల్లగా, "నా పేజీ నాకిచ్చెయ్‌మే" అంది. ఆ మాట నన్ను కోసింది గానీ, అందులో తప్పు లేదు. సాయంత్రానికి పేజీలన్నీ స్కేలు పెట్టి చింపి, ఒక్కోటీ ప్లాస్టిక్ కవరులో వేసి, ఇల్లిల్లూ తిరిగి ఎవరిది వాళ్లకు ఇచ్చాను. సంతకాలు కూడా తీసుకున్నాను.

ఇప్పుడు తెలియని నంబరు వస్తే ఎత్తను. కానీ ఒక్కో మధ్యాహ్నం వాడు గుర్తొస్తాడు. నేను చదువుతుంటే ఇరవై మూడు నిమిషాలు కదలకుండా విన్నవాడు ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో మరొకడు లేడు. అప్పుడు కాసేపు జాలి కలుగుతుంది, వాడి మీదో, గంభీరంగా గొంతు సవరించుకుని "ఒకటో ఇల్లు" అన్న ఆ పిచ్చిదాని మీదో.